మన వీధే మన పెరడు

ఉప్పల్, నాచారం కాలనీల్లో గేటు ముందు మునగ, మలుపులో నేరేడు, పోచమ్మ గుడి దగ్గర వేప. నీడతో పాటు తిండినీ మందునూ పండగనూ ఇచ్చే ఈ చెట్లు ఏ లెక్కల్లోనూ కనిపించని ఆస్తి. వాటిని గుర్తుపడదాం, కాపాడుకుందాం, ఈ వానల్లో మరికొన్ని నాటుకుందాం.

నాచారం హెచ్‌ఎంటీ నగర్‌లోనో, స్నేహపురి కాలనీలోనో, ఉప్పల్ చిలకానగర్‌లోనో పొద్దున పూట ఏదో ఒక సందులోకి తిరగండి. ప్రహరీకీ రోడ్డుకూ మధ్య మిగిలిన రెండడుగుల మట్టిలో ఒక మునగ, దాని పక్కన ఒక కరివేపాకు కనిపిస్తాయి. పోపు వేసే వేళకు పక్కింటామె వచ్చి "అక్కా, రెండు కళ్యామాకు రెబ్బలు తెంపుకుంటున్నా" అని కేకేస్తుంది. "తెంపుకో" అన్న మాట లోపలి నుంచి వస్తుంది. నాటింది ఆ ఇంటివాళ్లు. చెట్టు నిలబడింది నగర పాలక సంస్థ నేల మీద. తినేది వీధంతా.

రోడ్డు పక్క చెట్టు గురించి మాట్లాడినప్పుడల్లా మనం నీడ గురించి, పచ్చదనం గురించి, నాటిన మొక్కల సంఖ్య గురించి మాట్లాడుతున్నాం. అది పెట్టే కూర గురించి, పండు గురించి, పండగ పూట ఇచ్చే మండ గురించి మాట్లాడటం లేదు. అందుకే ఆ చెట్టును కొట్టేసినప్పుడు ఏం పోయిందో కూడా మనకు లెక్క తెలియడం లేదు. తూర్పు హైదరాబాద్ వీధులను ఒకసారి ఆ లెక్కతో చూద్దాం.

ఈ చెట్లు ఎవరు నాటారు?

ఉప్పల్, నాచారం, హబ్సిగూడ ఒకప్పుడు చెరువుల మీద ఆధారపడ్డ ఊళ్లు. ఉప్పల్ నల్లచెరువు, నాచారం పెద్ద చెరువు, రామంతాపూర్ చెరువు ఆ కాలపు గుర్తులే. గుడి దగ్గర వేప, రచ్చబండ మీద రావి, చెరువు కట్ట మీద తాడిచెట్లు, పొలం గట్టున చింత, తుమ్మ ఊరి చెట్లు.

తరవాత పెద్ద సంస్థలు వచ్చాయి. 1918లో కూనూరులో మొదలైన పోషకాహార పరిశోధన సంస్థ 1958లో హైదరాబాద్‌కు మారి తార్నాకలో స్థిరపడింది. ఇప్పుడు దాన్ని జాతీయ పోషకాహార సంస్థ, ఎన్‌ఐఎన్, అంటున్నాం. 1961లో ఏర్పడిన జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థ, ఎన్‌జీఆర్‌ఐ, ఉప్పల్ రోడ్డు మీద వెలిసింది. సీసీఎంబీ, సర్వే ఆఫ్ ఇండియా అదే దారిలో ఉన్నాయి. ఉప్పల్, నాచారం, మల్లాపూర్ పారిశ్రామిక వాడలు కార్మికులను రప్పించాయి. తెలంగాణ జిల్లాల నుంచి, కోస్తా నుంచి, రాయలసీమ నుంచి, పక్క రాష్ట్రాల నుంచి వచ్చినవాళ్లు ఇక్కడ స్థలాలు కొనుక్కుని కాలనీలు కట్టుకున్నారు.

వాళ్లు తమ ఊరి అలవాటును కూడా తెచ్చుకున్నారు. ఇల్లు కట్టగానే పెరట్లో ఒక కొబ్బరి, ఒక జామ, నీళ్లు పారే చోట ఒక అరటి, గేటు పక్కన నందివర్ధనం, మందారం. స్థలం చిన్నదైనవాళ్లకు పెరడు మిగల్లేదు. అందుకని వాళ్లు గోడ అవతలికి వెళ్లారు. వీధి అంచున మునగ కొమ్మ పాతారు, కరివేపాకు పిలక నాటారు. ఈ ప్రాంతపు వీధుల్లో తినదగిన చెట్లు ఇంతగా ఉండటానికి అసలు కారణం ఇదే. సర్కారు పథకాలు రావడానికి చాలా ముందే జనం తమ చేత్తో వీధిని తోటగా మార్చుకున్నారు. ఆ తరవాత ఉప్పల్ కలాన్ మున్సిపాలిటీ 2007 ఏప్రిల్ 16న జీహెచ్‌ఎంసీలో కలిసింది. 2017 నవంబరులో నాగోల్ నుంచి మెట్రో రైలు పరుగులు మొదలయ్యాయి. భూమి ధర పెరిగింది, విడి ఇళ్లు అపార్ట్‌మెంట్లు అయ్యాయి. చాలాచోట్ల పాత ఇంటి గుర్తుగా మిగిలింది గేటు బయటి చెట్టు ఒక్కటే.

మునగ, కరివేపాకు: వీధి వంటిల్లు

వీధి చెట్లలో వంటింటికి అన్నిటికంటే దగ్గరి చుట్టం మునగ. ఆకు, పువ్వు, కాయ మూడూ కూరే. కొమ్మ పాతినా బతుకుతుంది, గింజ వేసినా మొలుస్తుంది. తమిళనాడు పెరియకుళంలో రూపొందిన పీకేఎం-1 రకమైతే గింజ నాటిన ఏడాదిలోపే కాపుకొస్తుంది. ఆషాఢంలో మునగాకు తినాలన్నది మన ఇళ్లలో పాత మాట. కొత్త వానలకు చిగురు లేతగా దొరికే కాలమూ అదే. మునగాకు పప్పు, కందిపప్పుతో దంచిన పొడి, పూల వేపుడు, మునక్కాయ టమాట కూర... చెట్టు ఒకటే, వారానికి సరిపడా వంటకాలు.

నాచారానికి కూతవేటులో ఉన్న ఎన్‌ఐఎన్ దశాబ్దాలుగా మన తిండిలో ఏముందో కొలిచి పట్టికలు ప్రచురిస్తోంది. 2017లో వెలువడిన భారతీయ ఆహార పట్టికలో 528 రకాల పదార్థాల వివరాలున్నాయి. వంద గ్రాముల పచ్చి మునగాకులో 300 మిల్లీగ్రాములకు పైగా కాల్షియం, 6 గ్రాములకు పైగా మాంసకృత్తులు ఉంటాయి. అంతే తూకం ఆవుపాలలో కాల్షియం 120 మిల్లీగ్రాముల దగ్గర ఉంటుంది. మునగాకులో ఎ విటమిన్‌గా మారే బీటా కెరోటిన్ కూడా దండిగా ఉంది. పిల్లల్లో ఎ విటమిన్ లోపం వల్ల వచ్చే అంధత్వం మీద ఈ సంస్థ చేసిన పరిశోధన ఆధారంగానే 1970లో దేశమంతటా చిన్నపిల్లలకు ఎ విటమిన్ చుక్కలు వేసే కార్యక్రమం మొదలైంది. ఆ పోషకం గేటు బయట కొమ్మకు వేలాడుతుంటే దానికి సంతలో విలువ కట్టలేదని చిన్నచూపు చూడటం తగదు.

మునగకు రెండు లోపాలున్నాయి. కొమ్మ పెళుసు, ఈదురుగాలికి విరిగిపడుతుంది. వానాకాలంలో కాండం మీద గొంగళి పురుగులు గుంపుగా చేరతాయి, తగిలితే ఒళ్లంతా దురద. ఈ రెండు భయాలతోనే చాలా చెట్లను మొదలంటా నరికేస్తున్నారు. కాపు అయిపోయాక నడుమెత్తున కొట్టేస్తే చెట్టు గుబురుగా చిగురిస్తుంది, ఆకు చేతికందుతుంది, గాలికి విరిగే పొడవు కొమ్మలూ ఉండవు. పురుగుల గుంపును కాండం మీద ఉండగానే సబ్బునీళ్లతో తుడిచేయవచ్చు.

కరివేపాకుకు ఇంత చోటు కూడా అక్కర్లేదు. తల్లి చెట్టు వేర్ల నుంచి పిలకలు లేస్తాయి. నల్లటి పండ్లను పిగిలిపిట్టలు తిని గింజలను ఎక్కడెక్కడో వేస్తాయి. అందుకే ఎవరూ నాటని చోట కూడా మొలుస్తుంది. మార్కెట్ ఆకు సంగతి వేరు. కేరళ వ్యవసాయ విశ్వవిద్యాలయం జరిపిన పరీక్షల్లో అమ్మకానికి వచ్చిన కరివేపాకులో పురుగుమందుల అవశేషాలు పలుమార్లు బయటపడ్డాయి. లోపలి వీధిలో మందు కొట్టకుండా పెరిగిన రెండు రెబ్బలకు ఆ భయం లేదు.

వేప లేని వీధి మనకు వీధే కాదు

ఉగాది పచ్చడిలో పడే పువ్వు వీధి చెట్టుదే. ఆషాఢ బోనాలకు కుండ చుట్టూ కట్టే మండలు వీధి చెట్టువే. ఒంటి మీద అమ్మవారు పోస్తే పక్కలో పరిచే రెమ్మలు, బియ్యం డబ్బాలో వేసే ఎండుటాకులు, ఇప్పటికీ కొందరు పెద్దలు పళ్లకు వాడే పుల్ల ఆ చెట్టు ఇచ్చినవే. ఉప్పల్ పాత ఊళ్లోనూ బీరప్పగడ్డ లాంటి బస్తీల్లోనూ వేప చెట్టు తిండికీ మందుకూ దేవుడికీ మధ్య గీత గీయదు.

ఈ జ్ఞానాన్ని సొంతం చేసుకోవాలని బయటివాళ్లు చూశారు. వేప నూనెతో శిలీంధ్రాలను అదుపు చేసే పద్ధతి మీద అమెరికా వ్యవసాయ శాఖకూ డబ్ల్యూ.ఆర్. గ్రేస్ కంపెనీకీ యూరప్ పేటెంట్ కార్యాలయం 1994లో హక్కులిచ్చింది. మన రైతులు తరతరాలుగా చేస్తున్న పని ఇదేనని చూపిస్తూ పర్యావరణవేత్త వందనా శివ తదితరులు సవాలు చేశారు. 2000లో ఆ పేటెంట్ రద్దయింది. అప్పీలు 2005లో వీగిపోయింది. మనం పుల్ల విరిచి పారేసే చెట్టు కోసం అంతర్జాతీయ పోరాటం జరిగిందన్నమాట.

2021లో ఆ చెట్టుకే జబ్బు చేసింది. తెలంగాణ అంతటా వేప కొమ్మలు చివర్ల నుంచి ఎండుతూ వచ్చాయి. నిండు చెట్లు కాలినట్టు గోధుమ రంగులోకి తిరిగాయి. ఫోమాప్సిస్ అనే శిలీంధ్రం, దానికి తోడు చిగుళ్ల రసం పీల్చే టీ దోమ ఇందుకు కారణమని వ్యవసాయ శాస్త్రవేత్తలు తేల్చారు. చెట్టు చచ్చిపోయిందనుకుని తొందరపడి కొట్టేసినవాళ్లున్నారు. ఓపిక పట్టిన చోట చాలా చెట్లు తరవాత మళ్లీ చిగురించాయి. జబ్బు మళ్లీ కనిపిస్తే ఎండిన కొమ్మలు కోసి కాల్చేయాలి, కోసిన చోట మందు పూయాలి, చెట్టు మొదట్లో నీళ్లు పోయాలి. గొడ్డలి ఆఖరి మాటగా ఉండాలి.

చింత, నేరేడు, సీమచింత: పెద్ద చెట్ల పెద్ద మనసు

ఫాల్గుణం దాటిందంటే చింతచిగురు కాలం. పప్పులో వేసినా, మటన్‌లో వేసినా, ఎండురొయ్యలతో వండినా తెలంగాణ వంటకు ఆ పులుపే అందం. వారం పది రోజుల్లో ముదిరిపోయే ఆ చిగురును కోసేందుకు చెట్టెక్కడం తెలిసినవాళ్లు నగరంలో తగ్గిపోయారు. అందుకే మార్కెట్లో దాని ధర మండిపోతుంది. పెరిగిన చింత మంచి ఏడు 150 నుంచి 200 కిలోల కాయ ఇస్తుంది. రెండు మూడు తరాలు బతుకుతుంది.

చింత చెట్టుకు ఈ నగరం ప్రాణాలతోనే రుణపడి ఉంది. 1908 సెప్టెంబరు 28న మూసీ పొంగి వేలమందిని మింగినప్పుడు, ఇప్పటి ఉస్మానియా ఆసుపత్రి ఆవరణలోని ఒక చింత చెట్టెక్కి సుమారు 150 మంది బతికి బయటపడ్డారు. ఆ చెట్టు నేటికీ అక్కడే ఉంది. అదే మూసీ కిందికి పారి ఉప్పల్ అంచు తాకుతూ పోతుంది.

మృగశిర కార్తె వచ్చిందంటే అల్లనేరేడు. పండు పండిన వారం పది రోజులు ఆ చెట్టు కిందికి పిల్లలు, కోకిలలు, రాత్రిపూట గబ్బిలాలు అందరూ వస్తారు. ఊదా మరకలు కార్ల మీద పడుతున్నాయని, బండ్లు జారుతున్నాయని ఫిర్యాదులూ అప్పుడే వస్తాయి. ఈ ఫిర్యాదు నిజమే. మలుపులో, బండ్లు ఆపే చోట నేరేడు వద్దు. పార్కు అంచున, బడి మైదానం పక్కన, చెరువు కట్ట మీద నాటితే అదే చెట్టు అందరికీ ఇష్టమవుతుంది.

సీమచింత మెక్సికో వైపు నుంచి వచ్చి మనదైపోయింది. ముళ్ల కొమ్మ నుంచి చుట్టలు చుట్టుకుని వేలాడే కాయ విచ్చుకుంటే లోపల తెల్లగా, గులాబీ రంగులో తీపి వగరు గుజ్జు. దక్కనీ మాట్లాడే ఇళ్లలో దీన్నే జంగిల్ జిలేబీ అంటారు. నీళ్లు లేని రాతినేలలోనూ నిలబడే చెట్టు కనుక మన తూర్పు హైదరాబాద్ నేలకు బాగా పనికొస్తుంది. బాదం సంగతి మన పిల్లలందరికీ తెలుసు. పండు పైతొక్క కొరికి, గింజను రాయితో కొట్టి, లోపలి సన్నని పప్పు తీసుకోవడం సెలవుల ఆట.

తినకపోయినా బతికించే చెట్లు

కానుగ కాయలు ఎవరూ తినరు. కానీ మే నెలలో ఊరంతా ఎండిపోయినట్టున్నప్పుడు అది లేతాకు వేసి గొడుగు పడుతుంది. గింజల నూనె దీపానికీ తోళ్లకూ సబ్బుకూ పనికొస్తుంది, పిండి ఎరువవుతుంది. కుంకుడు చెట్టు ఒకటి ఉంటే నాలుగిళ్లకు తలంటు సరుకు. గోరింట చెట్టు గోడ బారున ఉంటే ఆషాఢంలో ఆ వీధి ఆడపిల్లలందరి అరచేతులూ పండుతాయి. మేడి కాండానికి గుత్తులుగా కాసే పండ్లతో పిట్టలు బతుకుతాయి. వినాయక చవితి ఇరవై ఒక్క పత్రిలో మారేడు, రేగు, మామిడి, దానిమ్మ, జమ్మి, రావి, మద్ది ఉన్నాయి. దసరా సాయంత్రం పెద్దల చేతిలో బంగారంగా పెట్టే జమ్మి మన రాష్ట్ర వృక్షం. ఇవన్నీ వీధిలో ఉంటే పండగ ముందురోజు ఉప్పల్ చౌరస్తాలో కట్టలు కొనుక్కోవాల్సిన పని లేదు.

ఏడాది పొడవునా వీధి ఏమిస్తుంది?

సంక్రాంతికి: భోగిపళ్లకు రేగు, గుమ్మానికి మామిడాకు.

శివరాత్రి నుంచి ఉగాది దాకా: మారేడు దళం, చింతపండు, సీమచింత, మునక్కాయ, వేపపువ్వు, తొలి చింతచిగురు.

ఎండాకాలం: చింతచిగురు, పచ్చిమామిడి, కానుగ నీడ. ఉప్పల్ నుంచి ఘట్‌కేసర్ దాకా వరంగల్ రోడ్డు పక్కన తాటిముంజలు.

మృగశిర, ఆషాఢం: నేరేడు, మునగాకు, గోరింటాకు, బోనాల వేపమండలు.

శ్రావణ, భాద్రపదాలు: జామ, దానిమ్మ, నిమ్మ, చవితి పత్రి.

దసరా నుంచి కార్తీకం దాకా: జమ్మి, సీతాఫలం, ఉసిరి. వనభోజనానికి ఉసిరి చెట్టు కోసం ఊరు దాటి పోనక్కర్లేదు, కాలనీ పార్కులో ఒకటి నాటుకుంటే చాలు. వంద గ్రాముల ఉసిరిలో 250, జామలో 200 మిల్లీగ్రాములకు పైగా సి విటమిన్ ఉంటుంది.

తినే ముందు తెలుసుకోవాల్సినవి

ప్రతి వీధి చెట్టూ తినే చెట్టు కాదు. ఉప్పల్, నాచారం పారిశ్రామిక వాడలు ఈ కాలనీలను ఆనుకునే ఉన్నాయి. వరంగల్ రోడ్డు మీద బస్సులు, లారీల పొగ ఎడతెగదు. పక్కనే ఉన్న ఎన్‌జీఆర్‌ఐ శాస్త్రవేత్తలు నగరంలోని కాటేదాన్, బాలానగర్ పారిశ్రామిక వాడల మట్టిని పరీక్షించి, అందులో సీసం, క్రోమియం వంటి భారలోహాలు మోతాదు మించి ఉన్నట్టు కనుగొన్నారు. పెట్రోల్‌లో సీసం కలపడం మన దేశంలో 2000 సంవత్సరానికి ఆగిపోయింది. కానీ రోడ్డు పక్క పైమట్టిలో చేరిన సీసం అంత తొందరగా పోదు. పిల్లల మెదడుకు అది కొంచెమైనా చేటే.

అందుకని కొన్ని కట్టుబాట్లు పెట్టుకోవాలి. ఫ్యాక్టరీ గోడ పక్కన, మురుగు నాలా ఒడ్డున, పెద్ద రోడ్డు అంచున ఉన్న చెట్లు నీడకే. వాటి ఆకు తెంపి వండొద్దు. ఆకుకూర మీద దుమ్ము ఎక్కువ నిలుస్తుంది, తొక్క తీసి తినే కాయ మీద తక్కువ. లోపలి వీధుల్లో తెంపిన ఆకునైనా పారే నీళ్లలో రెండు మూడుసార్లు కడగాలి. దోమల పొగ కొట్టిన మర్నాడు ఏదీ తెంపొద్దు. తెలియని కాయ నోట్లో పెట్టొద్దని పిల్లలకు గట్టిగా చెప్పాలి. డివైడర్ల మీద పూసే ఎర్రగన్నేరు, పచ్చగన్నేరు గుండెను ఆపగల విషం. అడవి ఆముదం గింజలు పల్లీల్లా ఉన్నాయని తిని ఆసుపత్రి పాలైన బడిపిల్లల వార్తలు మనం ఎన్నోసార్లు చదివాం.

ఎందుకు తరిగిపోతున్నాయి?

మొదటి కారణం సిమెంటు. సీసీ రోడ్డు వేసేటప్పుడు కాండం దాకా కాంక్రీటు పోస్తారు. వాన నీరు వేరుకు చేరదు, కాండం లావెక్కడానికి చోటుండదు. నాలుగైదేళ్లలో చెట్టు కుంగి, ఒక గాలివానకు కూలిపోతుంది. అప్పుడు "చెట్లు ప్రమాదకరం" అన్న మాట పుడుతుంది. ఢిల్లీలో ఇలాగే జరుగుతుంటే జాతీయ హరిత ట్రిబ్యునల్ 2013లో జోక్యం చేసుకుని, కాండం చుట్టూ మీటరు మేర కాంక్రీటు తొలగించాలని ఆదేశించింది. మన కాలనీ సంఘాలు రోడ్డు వేసే రోజునే గుత్తేదారుతో ఈ మాట చెప్పి నిలబడితే ఆదేశం కోసం ఎదురుచూడక్కర్లేదు.

రెండోది కరెంటు తీగ. వానలకు ముందు లైన్ల కింది కొమ్మలు కొట్టడం విద్యుత్ సిబ్బందికి తప్పని పని. పొడవు పెరిగే చెట్టును తీగ కింద నాటడం మన తప్పు. ఒక పక్కే కొట్టిన చెట్టు బరువు తప్పి రెండో పక్కకు ఒరుగుతుంది.

మూడోది అపార్ట్‌మెంటు. పాత ఇల్లు కూల్చిన రోజే గేటు బయటి చెట్టు మాయమవుతుంది, ఆ చోట కారు ఎక్కే వాలు వస్తుంది. చెట్టు కొట్టాలంటే అనుమతి తీసుకోవాలని 2002 నాటి నీరు, భూమి, చెట్ల చట్టం, అదే మనందరం వాల్టా అనే చట్టం, చెబుతోంది. ఇంటి ముందు చెట్టుకూ అది వర్తిస్తుందని చాలామందికి తెలియదు.

నాలుగోది మనం ఎంచుకున్న జాతులు. 2015 జులైలో మొదలైన హరితహారం ఈ రాష్ట్రానికి చాలా మేలు చేసింది. ఇళ్లకు కరివేపాకు, మునగ, జామ, నిమ్మ మొక్కలు ఉచితంగా పంచారు. 2020 సంవత్సరానికి ప్రపంచ వృక్ష నగరాల జాబితాలో మన దేశం నుంచి చోటు దక్కింది ఒక్క హైదరాబాద్‌కే. 2022లో అంతర్జాతీయ హరిత నగర పురస్కారం కూడా వచ్చింది. అయితే డివైడర్ల మీద, రోడ్ల పక్కన తొందరగా పచ్చబడుతుందని కోనోకార్పస్ విరివిగా నాటారు. మనిషికి పండు లేదు, పిట్టకు తిండి లేదు. విమర్శలు వచ్చాక ప్రభుత్వం దాన్ని నాటడం ఆపింది. అలా ఖాళీ అయ్యే చోట ఏం నాటాలన్నదే ఇప్పుడు మన ముందున్న ప్రశ్న.

2020 అక్టోబరులో జీహెచ్‌ఎంసీ చట్టాన్ని సవరించి బడ్జెట్‌లో పదో వంతు పచ్చదనానికి కేటాయించాలన్నారు. నాటిన మొక్కల్లో 85 శాతం బతకాలన్నారు. ఈ మాటకు ఇంకొకటి చేర్చాలి. లోపలి వీధుల్లో నాటే మొక్కల్లో సగమైనా తిండికో, మందుకో, పిట్టలకో పనికొచ్చేవై ఉండాలి. ఎవరికి ఉపయోగపడే చెట్టుకు వాళ్లే కాపలా కాస్తారు. మునగ మొక్కకు నీళ్లు పోసే చెయ్యి కోనోకార్పస్‌కు పోయదు.

ఎప్పటి నుంచో ఉన్న మాటే

బాటల వెంట పనికొచ్చే చెట్లు నాటడం ఈ నేలకు కొత్త కాదు. కర్నూలు జిల్లా ఎర్రగుడి బండల మీద అశోకుడు చెక్కించిన రెండో శాసనం మనుషులకూ పశువులకూ పనికొచ్చే మూలికలు, వేర్లు, పండ్ల మొక్కలు లేని చోటికి తెప్పించి నాటించిన సంగతి, దారి పక్కన చెట్లు పెంచి బావులు తవ్వించిన సంగతి చెబుతుంది. ఇరవై రెండు శతాబ్దాలు దాటిన మాట అది.

ఉప్పల్ మీదుగా వరంగల్ వెళ్లే 163వ జాతీయ రహదారే నగరానికి పడమట చేవెళ్ల మీదుగా పోతుంది. అక్కడ అప్పా జంక్షన్ నుంచి మన్నెగూడ దాకా 46 కిలోమీటర్ల పొడవునా సుమారు 900 మర్రిచెట్లు ఉన్నాయి. రోడ్డు వెడల్పు కోసం వాటిని తీసేయాలన్నప్పుడు ప్రకృతి ప్రేమికులు హరిత ట్రిబ్యునల్ దాకా వెళ్లి ఏళ్ల తరబడి పోరాడారు. తూర్పు వైపు మనకు అంతటి మర్రివనం లేదు. ఉన్నవి ఒక్కో గేటు ముందు ఒక్కో చెట్టు. వాటి కోసం ట్రిబ్యునల్‌కు ఎవరూ వెళ్లరు. వాటిని కాపాడగలిగింది ఆ వీధివాళ్లే.

ఇంగ్లండ్‌లోని టాడ్‌మోర్డన్ అనే చిన్న పట్టణంలో 2008లో కొందరు మామూలు మనుషులు పోలీసు స్టేషన్ ముందు, ఆసుపత్రి పక్కన, రోడ్ల అంచున కూరగాయలు, పండ్ల మొక్కలు నాటి, ఎవరైనా తెంపుకోవచ్చని బోర్డులు పెట్టారు. ఆ పద్ధతి ఎన్నో దేశాలకు పాకింది. వాళ్లు బోర్డు పెట్టి నేర్పాల్సి వచ్చిన పని మన కాలనీల్లో ఒక పలకరింపుతో జరుగుతోంది. ఉన్నదాన్ని నిలుపుకుంటే చాలు, కొత్తగా కనిపెట్టాల్సింది లేదు.

ఏ చోట ఏ చెట్టు?

కరెంటు తీగల కింద: కరివేపాకు, నిమ్మ, దానిమ్మ, గోరింట, కొమ్మలు కత్తిరిస్తూ పెంచే జామ.

తీగలు లేని వెడల్పాటి వీధిలో: వేప, కానుగ, మామిడి, బాదం.

కాలనీ పార్కులో, బడి ఆవరణలో: ఉసిరి, మారేడు, సీతాఫలం, రేగు, జమ్మి, కుంకుడు, నేరేడు.

చెరువు కట్ట పక్కన: మద్ది, మేడి, నేరేడు, చింత. కట్ట మీద నాటే ముందు ఇంజనీర్లను అడగాలి, వేర్లు గండి పెట్టకూడదు.

గేటు పక్కన, తీగకు దూరంగా: మునగ.

మొక్క నాటడం ఒక్క రోజు పని. రెండు ఎండాకాలాలు నీళ్లు పోయడమే అసలు పని. మూడడుగుల గుంత తీసి, రాతి మొరాన్ని పక్కన పడేసి, మంచి మట్టిలో పశువుల ఎరువు, గుప్పెడు వేపపిండి కలిపి నింపాలి. కర్ర పాతి వదులుగా కట్టాలి, పశువులు మేయకుండా ముళ్ల కంపో జాలీయో పెట్టాలి. ఆర్వో నీళ్ల మిషన్ వదిలే నీటిలో లవణాలు ఎక్కువ, లేత మొక్కకు అది పోయొద్దు. బియ్యం కడిగిన నీళ్లు పోయండి.

తెంపుకునేవాళ్లకూ మర్యాద ఉంది. ఇంటివాళ్లు కనిపిస్తే ఒక మాట అడగాలి. రెబ్బ తెంపాలి, కొమ్మ విరవకూడదు. పువ్వులు కోసేవాళ్లు చెట్టును బోసి చేయకూడదు. పండు సగం పిట్టలకు వదలాలి. కాండానికి మేకులు కొట్టి ప్రకటనల బోర్డులు తగిలించేవాళ్లను ఆపాలి.

ఈ ఆదివారం మీ వీధి చివరి దాకా ఒకసారి నడవండి. ఏ చెట్లున్నాయో, వాటిలో ఏవి తినేవో, ఏ కాండానికి సిమెంటు ఊపిరాడనివ్వడం లేదో కాగితం మీద రాయండి. ఆ కాగితాన్ని కాలనీ సంఘం సమావేశంలో పెట్టండి. సిమెంటు బిగిసిన ప్రతి చెట్టు చుట్టూ మీటరు మట్టి తెరిపించండి. మృగశిర వానలు పడ్డాక వీధికి రెండు చెట్ల చొప్పున నాటి, ఒక్కోదాన్ని ఒక్కో ఇంటికి అప్పగించండి. ఉప్పల్, నాచారంలో మన ముందుతరం రెండడుగుల మట్టిలో ఇంత పెంచి ఇచ్చింది. దాన్ని సిమెంటు కింద పోగొట్టుకోకుండా మన పిల్లలకు అందించడం మన బాధ్యత.